సరస్సు చుట్టూ వాము డబ్బాతో

గుండెకు నాలుగు గదులుంటాయని సైన్సు సారు చెప్పిన రోజు నేను బడికి పోలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ పోలేదు కాబట్టి తొమ్మిదో తరగతిలో ఆ పాఠం అలాగే మిగిలిపోయింది. నలభై తొమ్మిదో ఏట, న్యూజిలాండ్‌లో, మనిషి జాడ లేని కొండ మీద వెల్లకిలా పడుకుని మరీ చెప్పించుకున్నాను. ఈసారి బాగానే ఎక్కింది.

నా పేరు యాదగిరి. మాది జగిత్యాల దగ్గర. వంటవాడిగా ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళయింది. హెండర్సన్‌లో నేనూ మా ఆవిడ సుజాతా కలిసి చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. మీలో కొందరు మా దోసె తినే ఉంటారు. తిన్నాక గ్యాస్ పట్టిందని ఫోన్ చేసి తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు నేను రాసేది ఆ గ్యాస్ గురించే. మనవాళ్ళకు ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే. బరువుగా ఉంటే గ్యాసు, పొడిస్తే గ్యాసు, పట్టేస్తే నిన్నటి శనగపిండి. దానికి మందు వాము. నేను వంటవాణ్ణి, నాకొకరు చెప్పాలా?

ఆ సరస్సు పేరు రాయను. తప్పు దానిది కాదు.

అక్టోబర్

ఈ నడక ఆలోచన శ్రీధర్ సార్‌ది. గుంటూరు ఆయన, కంప్యూటర్ ఉద్యోగం, టకానినిలో ఇల్లు. ప్రతి ఆదివారం ఊరు ఆ చివర నుంచి ఈ చివరికి పెసరట్టు కోసం వస్తారు. దేనికైనా లిస్టు రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునే మనిషి. ఉత్తర దీవి నడుమ ఒక సరస్సుందనీ, దాని చుట్టూ కొండల మీదుగా కాలిబాట ఉందనీ, ఒకేసారి చేయలేనివాళ్ళు ముక్కలుగా చేయొచ్చనీ ఆయనే చెప్పారు. మూడు ముక్కలు. ఒక్కోటి రెండు రోజులు. రాత్రికి నడుమ ఒక హట్‌లో పడక. హట్ అంటే నడిచేవాళ్ళు తలదాచుకునే చెక్క గుడిసె. మాకు సోమ, మంగళవారాలు షాపు సెలవు, సరిగ్గా సరిపోతుంది.

నేను నవ్వి ఊరుకునేవాణ్ణే. నా కూతురు మేఘన ఊరుకోలేదు. ఇక్కడే పుట్టిన పిల్ల. నా తెలుగు దానికి అర్థమవుతుంది, దాని ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది, మిగతా సగం వల్లే మా ఇద్దరికీ గొడవల్లేవు. ఫిబ్రవరిలో విమానమెక్కి పోవాల్సినంత దూరాన, క్రైస్ట్‌చర్చ్‌లో యూనివర్సిటీ. అక్కడ రిక్కార్టన్‌లో ఇంకో ముగ్గురు పిల్లలతో కలిసి ఫ్లాట్ కూడా చూసుకుంది.

"లెట్స్ డూ ఇట్, డాడీ. బిఫోర్ ఐ గో" అంది.

ఆ చివరి ముక్క నాకు పూర్తిగా అర్థమైంది.

సుజాత రానంది. "మోకాళ్ళు నాయి, కొండలు వాళ్ళయి. నాకేం పని?" అని మూడు పూటలకు పులిహోర కట్టి, ఒక చిన్న స్టీలు డబ్బాలో వేయించిన వాము పోసి నా జేబులో పెట్టింది. అప్పటికే షాపులో బియ్యం బస్తా ఎత్తినప్పుడల్లా ఛాతీ నడుమ ఏదో పట్టేస్తుండేది. పొద్దున్నే వాము నీళ్ళు కాచి ఇవ్వడం ఆమెకు అలవాటైంది.

ఆ బాట ఒడ్డు వెంట పోదు. సరస్సు చుట్టూ నిలబడ్డ కొండల వీపు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతుంది. మొదటి ఎక్కుడు మొదలైన అరగంటకే ఎవరో నా ఛాతీ మీద ఇడ్లీ పిండి గ్రైండర్ దించినట్టయింది. ఆగాను. వాము నమిలాను. తేన్పు వచ్చింది. రెండు నిమిషాల్లో బరువు దిగిపోయింది. చూశారా, గ్యాసే!

నిలబడితే నొప్పి దానంతటదే పోతుందని, వాముకు అందులో ఏ భాగమూ లేదని నాకు తెలియదు.

"ఏమైందండీ యాదగిరి గారూ, ఆగిపోయారు?" శ్రీధర్ సార్ వెనక్కి తిరిగారు.

"ఫోటో తీస్తున్న సార్. ఈ ఆకు జూడుండ్రి, ఎంత ముద్దుగున్నదో."

అది ఫెర్న్ ఆకు. ఆ అడవిలో అవి తప్ప ఇంకేం లేవు. అది నేను తీసిన మొదటి ఫెర్న్ ఫోటో.

హట్ చేరాక ఆయన సంచి విప్పి ఒక్కొక్కటీ బల్ల మీద పరిచారు. విజిల్, కట్లు, మాత్రలు, పసుపు రంగు పెట్టె ఒకటి. ఆపద వస్తే మీట నొక్కితే ఉపగ్రహానికి కబురు పోతుందట. దాన్ని బీకన్ అంటారట.

"సబ్బుపెట్టె మంచిగున్నది సార్. సబ్బు ఏదీ?" అన్నాను. మేఘన పడీపడీ నవ్వింది. అది నవ్వుతుంటే నేను ఏ కొండైనా ఎక్కుతాను. అదే వచ్చింది ప్రాణం మీదికి.

ప్రతి హట్‌లో ఒక పుస్తకం ఉంటుంది. పేరు, ఎంతమంది, ఇక్కడి నుంచి ఎక్కడికి, చివర్లో ఏమైనా చెప్పేదుంటే చెప్పడానికి కాస్త చోటు. మనిషి తప్పిపోతే వెతికేవాళ్ళు ముందు చూసేది దాన్నేనని శ్రీధర్ సార్ చెప్పారు. ఎవరికీ చదవడం రాదు కదా అని నేను తెలుగులో రాశాను: "ఇక్కడ టీ దొరకదు. రావద్దు."

నవంబర్

సుజాత బలవంతం మీద డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మంచి డాక్టరు, ఓపికగా అన్నీ అడిగింది. ఛాతీలో నొప్పి ఏమైనా ఉందా అంది.

"పెళ్ళయినప్పటి నుంచీ ఉంది డాక్టర్. ఆవిడ బయట కార్లో కూర్చుంది" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వాక పెన్ను కింద పెట్టి నా కళ్ళలోకి చూసింది. "సీరియస్లీ?"

అప్పుడు చెప్పొచ్చు. తలుపు తెరిచే ఉంది. కానీ నా ఇంగ్లీషు హోటలు వంటగదిలో నేర్చుకున్నది. జోకులకు సరిపోతుంది, జబ్బులకు చాలదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది భాష మీదికి నెట్టలేను. చెబితే నడక బంద్ అవుతుంది. మేఘనతో ఇంకా రెండు ముక్కలు మిగిలి ఉన్నాయి.

"నో, నో. ఆల్ గుడ్" అన్నాను.

రక్త పరీక్షకు కాగితం ఇచ్చింది. అది కారు అద్దం దగ్గర నెల రోజులుండి, ఎండకు పసుపు రంగు తిరిగింది.

డిసెంబర్

రెండో ముక్క. ఆ రెండు రోజులూ గాలి లేదు. సరస్సు ఎక్కడా కదలలేదు. ఏ మలుపు తిరిగినా చెట్ల సందులోంచి కనబడేది. ఎంత నడిచినా అంతే దూరంలో, అదే నల్లటి నీలంలో, కన్ను ఆర్పకుండా. మిగతా ఇద్దరూ బ్యూటిఫుల్ అనుకుంటూ పోతున్నారు. నాకు మాత్రం అది నన్ను లెక్కపెడుతున్నట్టు అనిపించింది. ఎవరికి చెబుతాను? చెబితే జోకు అనుకుంటారు.

ఈసారి గ్రైండర్ పావుగంటకే దిగింది. దాంతో పాటు ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పి అనుకున్నాను. నా దగ్గర ఒక్కో అవయవానికీ ఒక్కో సాకు సిద్ధంగా ఉండేది. ఫెర్న్‌లు ఎక్కువయ్యాయి.

"డాడీ, యూ హేట్ ప్లాంట్స్" అంది మేఘన. "ఇంట్లో తులసి మొక్కకు కూడా నీళ్ళు పొయ్యవు కదా."

"ముసలితనం బిడ్డా. భక్తి పెరుగుతున్నది."

నవ్వింది, కానీ కాసేపు నా మొహంలోకే చూసింది. తర్వాత నా సంచిలో నీళ్ళ సీసా తీసి తన సంచిలో వేసుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

ఇంటికొచ్చాక సుజాత అడిగింది, "ఎట్లున్నది? పట్టేసిందా?"

"వాము బాగ పనిజేసింది."

ఆమె సంతోషంగా డబ్బా మళ్ళీ నింపింది.

జనవరి

మూడో ముక్క. మొదటి రోజు హట్ దాకా ఎలా నడిచానో సరిగా గుర్తులేదు. గుర్తున్నవి కాళ్ళ కింద వేర్లు, చొక్కా లోపల చల్లటి చెమట. రెండో రోజు పొద్దున బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు కడుతుంటే గ్రైండర్ దిగింది. కొండ లేదు, బస్తా లేదు, ఊరికే కూర్చున్న మనిషి మీద. వాము నమిలాను. తేన్పు వచ్చింది. బరువు పోలేదు. డబ్బా మొత్తం ఖాళీ చేశాను.

అప్పుడు నాకు తెలిసింది. ఏం తెలిసిందో పేరు పెట్టలేను, తెలిసింది అంతే. బయట మేఘన పళ్ళు తోముకుంటూ పాట కూనిరాగం తీస్తోంది. ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. తొమ్మిదే కదా.

హట్ పుస్తకం తెరిచి రాశాను. పేరు: యాదగిరి. ఎంతమంది: ముగ్గురు. ఎక్కడికి: స్వర్గానికి. చెప్పేది: "మా ఆవిడ ఫోన్ చేస్తే నేనిటు పోయిన సంగతి చెప్పకండి."

భయమేసినప్పుడు నాకు వచ్చేది ఇదొక్కటే.

నలభై నిమిషాలు నడిచాం. చెట్లు పల్చబడి గుట్ట మీద బోడి జాగా వచ్చింది. కింద సరస్సు మీద మబ్బు పడుకుని ఉంది. అది పైకి పాకుతోంది. ఫెర్న్‌లు అయిపోయాయి, ఫోటో తీయడానికి ఏమీ లేదు. ఆగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా మోకాళ్ళు నేలకు తగిలాయి.

శ్రీధర్ సార్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సంచి విప్పి ఆస్పిరిన్ నా నోట్లో పెట్టారు. "నమలండి. మింగద్దు, నమలండి." సబ్బుపెట్టె తీసి మీట నొక్కారు. చిన్న దీపం మిణుకుమంది. అంతే. శబ్దం లేదు, అవతల నుంచి జవాబు లేదు. అది పనిచేస్తోందో లేదో కూడా మాకు తెలియదు.

"వస్తారండీ. తప్పకుండా వస్తారు" అని ఆయన మబ్బు వైపు చూశారు. మబ్బు ఎక్కితే హెలికాప్టర్ దిగలేదని ఆయనకు తెలుసు. ఆయన చూపు చూశాక నాకూ తెలిసింది.

మేఘన నా తల ఒళ్ళో పెట్టుకుంది. "డాడీ, సే సంథింగ్ ఫన్నీ. ప్లీజ్."

ఏమీ రాలేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నా కూతురు జోకు అడిగితే నా దగ్గర లేదు. అది ఏడవడం మొదలుపెట్టింది అప్పుడే.

మబ్బు మా కాళ్ళ కింద చెట్ల దాకా వచ్చింది. చెట్టు తర్వాత చెట్టు మాయమవుతోంది. ఎంతసేపో చెప్పలేను. ముందు శబ్దం వచ్చింది, ఎటు నుంచో తెలియలేదు. తర్వాత గాలి.

ఆసుపత్రి

సెలవు రోజైనా మర్నాటికి పిండి రుబ్బుతున్న సుజాత షాపు ఏప్రన్‌తోనే కారు నడుపుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, మేఘనను పట్టుకుంది, కుర్చీలో కూర్చుంది. మాట్లాడలేదు.

గుండె నాళాలు మూసుకుపోయాయి, ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలన్నారు. ఎప్పుడంటే రేపన్నారు. ఆ రేపు వచ్చేసరికి నాకంటే అత్యవసరమైనవాళ్ళు ఇంకెవరో వచ్చారు. మళ్ళీ రేపన్నారు. పొద్దున్నుంచి తినకుండా ఉంచి, మధ్యాహ్నం ఒక నర్సు మెల్లగా వచ్చి "సారీ డార్లింగ్, నాట్ టుడే" అని శాండ్‌విచ్ చేతిలో పెట్టేది. అలా రెండుసార్లు. ఆపరేషన్ అంటే ఉన్న భయం వేరు. వాయిదా పడగానే నాకు కలిగిన సంతోషం చూసి ఇంకా భయపడ్డాను.

పక్క మంచంలో ఒక పెద్దాయన, ఈ నేలకు అసలు వాళ్ళయిన మావోరీ మనిషి, లారీ డ్రైవరట. ఆయన కోసం రోజూ పది మంది వచ్చేవారు. వచ్చినవాళ్ళు మా ఇద్దరాడవాళ్ళకు కూడా పళ్ళెంలో పెట్టి ఇచ్చేవారు, అడగకుండానే. ఆయన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు అందరూ మంచం చుట్టూ నిలబడి మెల్లగా ప్రార్థన చేశారు. చివర్లో వాళ్ళ అమ్మాయి నా వైపు తిరిగి, "మీకు కూడా చేయమంటారా?" అంది. తలూపాను. అర్థం కాని భాషలో ఎవరో నాకోసం దేవుణ్ణి అడుగుతుంటే సుజాత చేతులు జోడించి నిలబడింది.

సాయంత్రానికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. పైకి మార్చారా, ఏమైంది? నేను అడగలేదు. అడిగే ధైర్యం లేక నర్సుతో జోకేశాను, ఆ మంచం కిటికీ పక్కనుంది, నాకిస్తారా అని. ఆమె నవ్వలేదు.

ఆ మర్నాడు మేఘన వెయిటింగ్ రూములో కూర్చుని నా ఫోన్ చూస్తోందట. ఇంటికి పంపడానికి ఫోటోలు వెతుకుతుంటే ఫెర్న్‌లు కనబడ్డాయి. ఒకటి, రెండు, వంద. ప్రతి ఫోటో కింద టైము ఉంటుంది కదా. అక్టోబర్‌లో రెండు ఫెర్న్‌ల మధ్య నలభై నిమిషాలు. డిసెంబర్‌లో పదిహేను. జనవరిలో ఆరు, ఐదు, నాలుగు. ఫోన్ తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

సుజాత నా మంచం దగ్గరికి వచ్చి ఫోన్ నా కళ్ళ ముందు పట్టింది.

"ఇవేంది?"

"ఆకులు."

"నాతోని జోకులాడకు." మూడు రోజుల తర్వాత ఆమె గొంతు అదే మొదటిసారి వినడం. "పొద్దుగాల లేస్తూనే వాము కాచి పోసిన. నా చేతులతోటి. నీ రోగానికి నేను నీళ్ళు పోసి పెంచిన. ఊరందరికి ఫోటోలు జూపిచ్చినవ్, నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నడక బందు జేస్తుంటివి."

"అవ్, జేస్తుంటి! అందుకే కదయ్యా పెండ్లామంటూ ఒకతి ఉండేది!"

కర్టెన్ అవతల ఎవరో టీవీ శబ్దం తగ్గించారు. ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుని వెళ్ళి కారిడార్‌లో కూర్చుంది. నా జేబులోని స్టీలు డబ్బాను ఎవరో బీరువా మీద పెట్టారు. ఖాళీది. దానివైపే చూస్తూ పడుకున్నాను. ఆ మర్నాడు పొద్దున ట్రాలీ వచ్చింది, ఈసారి వాయిదా పడలేదు. లిఫ్టు తలుపు మూసుకునే ముందు ఆమెకు ఏదో చెప్పాలని నోరు తెరిచాను. జోకు వస్తుందేమోనని మూసుకున్నాను.

తర్వాత

లేచాను, రాస్తున్నాను కాబట్టి ఆ సంగతి మీకు తెలుసు. మిగతాది తెలియదు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకోవాలి. తుమ్ము వస్తే దేవుణ్ణి హత్తుకోవాలి. ఆరు వారాలు నిండు నీళ్ళ బిందె కూడా ఎత్తొద్దన్నారు. పొద్దున మెలకువ రాగానే కదలకుండా పడుకుని లోపల వినేవాణ్ణి. ఇప్పటికీ వింటాను.

మేఘన చదువు ఒక ఏడాది ఆపేస్తానంది. నేను వద్దన్నాను, వినలేదు. సుజాత ఒక్క మాటంది, "నీకోసమే దాచిపెట్టిండు. నువ్వు పోకుంటే అంత నొప్పి ఉత్తదైతది." పిల్ల వెళ్ళింది. రోజూ రాత్రి భోజనాల వేళకు వీడియో కాల్ చేసి నా మొహం దగ్గరగా చూపించమనేది.

ఏప్రిల్‌లో చెకప్‌కు వెళ్తే కారు పార్కింగ్‌లో లారీ డ్రైవర్ పెద్దాయన కనబడ్డాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నేను ఆసుపత్రిలో ఏడ్చింది ఆ ఒక్కరోజే.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. నడిస్తే పట్టి, నిలబడితే వదిలేది గ్యాస్ కాదు. వాముకు కూర రుచి తెలుసు, గుండె సంగతి తెలియదు. డాక్టర్ రెండోసారి అడిగినప్పుడు జోకు వేయకండి. మాట రాకపోతే చెయ్యి ఛాతీ మీద పెట్టి చూపించండి. దానికి ఏ భాషా అక్కర్లేదు.

మళ్ళీ డిసెంబర్

నెమ్మదిగా నడవొచ్చని డాక్టర్ చెప్పింది. మేఘన సెలవులకొచ్చింది. తొమ్మిది కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి. అడగడానికి భయపడి వారం రోజులు ఇంట్లో చెట్లకు నీళ్ళు పోశాను. చివరికి సుజాతే అడిగింది, "ఎన్నడు పోదాం?"

"నువ్వు గూడనా? మోకాళ్ళు?"

"మోకాళ్ళు నాయి. నువ్వు గూడ నావే."

నడిచేవాళ్ళను హట్ దగ్గర ఒడ్డున దింపే పడవ ఒకటుంది, నలుగురం దాంట్లో ఆ హట్‌కు చేరాం. స్టీలు డబ్బాలో ఇప్పుడు గుండె పట్టేస్తే నాలుక కింద కొట్టుకునే స్ప్రే ఉంది. సరస్సు అలాగే ఉంది. పడవ వెళ్ళిపోయాక డబ్బా జేబులో ఉందో లేదో రెండుసార్లు తడుముకున్నాను. శ్రీధర్ సార్ సబ్బుపెట్టెను ఈసారి నా మెడలోనే వేలాడదీశారు. నేను దాన్ని చొక్కా లోపలికి వేసుకున్నాను.

సుజాత హట్ లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. మేఘన కూడా వెళ్ళింది. అప్పుడు గానీ నాకు ఆ పుస్తకం గుర్తు రాలేదు. ఇద్దరూ బయటికొచ్చాక సుజాత సంచి తగిలించుకుని, "నడువు. నేను ముంగట ఉంట, నువ్వు నా యెనక" అంది. అంతే.

గుట్ట మీద బోడి జాగా దగ్గర నలుగురం ఆగాం. పట్టేసినప్పుడు చెబుతానని ఒప్పుకున్నాను. రెండుసార్లు చెప్పాను, రెండూ ఉత్త భయమే. రెండుసార్లూ ఆమె వెనక్కొచ్చి పక్కన కూర్చుంది. రోడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఫెర్న్ ఫోటో ఒక్కటి కూడా తీయలేదు.

కారులో కూర్చున్నాక మేఘన తన ఫోన్ నా చేతికిచ్చింది. హట్ పుస్తకం పేజీ ఫోటో. పోయిన జనవరిలో వంకరటింకర అక్షరాలతో నేను రాసింది, ఎక్కడికి, స్వర్గానికి, మా ఆవిడ ఫోన్ చేస్తే చెప్పకండి. దాని కిందనే, గీత తప్పకుండా, సుజాత రాత:

"ఫోన్ చెయ్యలే. నేనే వచ్చిన. అక్కడ ఈయనను రానియ్యలేదట. ఇంటికి తోల్కపోతున్న."